బారిసాల్ మంచం

ఫాల్గుణం వచ్చినా కలకత్తాలో పొద్దుటి చలి ఇంకా పూర్తిగా వదల్లేదు. బిజయగఢ్ కాలనీ సందులో చేపలవాడు కేక వేసుకుంటూ పోతున్నాడు. "ఇవాళ వద్దయ్యా, మా ఇంట్లో ఇవాళ నీచు ముట్టం" అని కిటికీలోంచి చెప్పి, అనిమేష్ మళ్ళీ అద్దం వైపు తిరిగి గడ్డానికి సబ్బు రాసుకున్నాడు. ముందుగదిలో వాళ్ళమ్మ బీణాపాణి నేలమీద చతికిలబడి నూనెగుడ్డతో మంచం కోళ్ళు తుడుస్తోంది.

"వంగి తుడవకండమ్మా, నడుం పట్టేస్తుంది" అంది సుదేష్ణ, టీ కప్పు అత్తగారి పక్కన పెడుతూ. "పనమ్మాయి వస్తుందిగా, దానికి చెబుతాను."

"అది తడిగుడ్డ పెడుతుంది బౌమా. ఈ మంచానికి నీళ్ళు పడవు. ఇవాళ పారుల్ వస్తుంది, కాస్త మెరుస్తూ ఉండాలి." కోడల్ని ఆవిడ బౌమా అనే పిలుస్తుంది.

పారుల్ బీణాపాణికి ఆడపడుచు, పోయిన ఆవిడ భర్త శైలేన్‌కి ఒక్కగానొక్క చెల్లెలు, అనిమేష్‌కి పిషిమా, అంటే మేనత్త. ప్రతి ఏడూ ఈ తిథికి వస్తుంది. ఈ రోజు పారుల్ తల్లి పోయిన రోజు.

సుదేష్ణ గుమ్మానికి ఆనుకుని మంచాన్ని చూసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గదిలో మొదట కంటబడింది ఇదే. గదిలో సగం ఇదే ఉంది. తలవైపు పలక అర్ధచంద్రంలా లేచి, చెక్క చారలు కింది నడిమధ్య నుంచి పైకి ఎండ కిరణాల్లా విచ్చుకున్నాయి. మూలలన్నీ గుండ్రంగా ఉంటాయి. ఎక్కడా పువ్వు లేదు, లత లేదు, చిలక లేదు. తూర్పు బెంగాల్లో, బారిసాల్లోని సొంత ఇంట్లో, పారుల్ తాతగారు వడ్రంగుల్ని ఇంటి ముందు కూర్చోబెట్టి కొడుకుకి చేయించిన పెళ్ళిమంచం అని ఇంట్లో అందరూ చెబుతారు. దేశం రెండు ముక్కలై, గొడవల్లో అన్నీ వదులుకుని వచ్చేస్తే, వెనక నుంచి ఇదొక్కటే స్టీమరెక్కి వచ్చిందట.

సుదేష్ణకి మంచాల గురించి తెలుసు. ఆమె పుట్టిల్లు పాత కలకత్తాలోని బాగ్‌బజార్. అక్కడి పాత ఇళ్ళలో పెరిగిన పిల్లకి టేకు ఏదో, రోజ్‌వుడ్ ఏదో చేత్తో తడిమితే తెలుస్తుంది. కాలేజీలో చరిత్ర చదివి, పెళ్ళయ్యాక ఇంటి అలంకరణ కోర్సు కూడా చేసింది. కాలనీలో ఎవరు ఇల్లు మారినా ఆమెనే అడుగుతారు, పరదాలకి ఏ రంగు బాగుంటుందని, ఈ కుర్చీల పక్కన ఆ బల్ల ఇముడుతుందా అని. ఏ కాలంవాళ్ళు ఎలా కూర్చున్నారో, ఎలా పడుకున్నారో సామాను చూసి చెప్పగలదు. సన్నకాళ్ళ కుర్చీల పక్కన చెక్కడాల బీరువా పెడితే రెండూ దెబ్బలాడుకుంటున్నట్టు ఆమెకి కనిపిస్తుంది. అందుకే ఈ మంచం విషయంలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె నోరు కట్టేసుకుంది. చూసిన మొదటి వారంలోనే ఆమెకి తెలిసిపోయింది, ఇది బారిసాల్ మంచం కాదని.

ఇప్పుడు నోరు విప్పాల్సిన అవసరం వచ్చింది. పాత ఇల్లు బిల్డర్ చేతికి వెళ్తోంది. దానికి బదులుగా పక్క సందులో కట్టిన భవనంలో మూడో అంతస్తు ఫ్లాటు ఇచ్చారు. వచ్చే నెలలో మారాలి. సుదేష్ణ నెలరోజులు కూర్చుని దాని నమూనా గీసింది. లేత రంగు గోడలు, ఎత్తు తక్కువ మంచాలు, పేము కుర్చీలు, వెలుతురు పారాడటానికి ఖాళీ. అత్తగారి గది చిన్నది. అందులో ఒకరు పడుకునే మంచం, బట్టల బీరువా, కిటికీ పక్కన దేవుడి అర. అంతే పట్టేది.

"అమ్మకి చెప్పారా?" అని భర్తని అడిగింది గొంతు తగ్గించి.

"ఏం చెప్పాలి?"

"మంచం కొత్తింట్లో పట్టదని."

"లిఫ్టులో పట్టదా, గదిలో పట్టదా?"

"రెండింట్లోనూ పట్టదు."

"విప్పదీసి మెట్లమీదుగా ఎక్కిస్తే?"

"ఎక్కించండి. మంచం గదిలో ఉంటుంది, మీ అమ్మ వరండాలో ఉంటుంది."

అనిమేష్ నవ్వబోయి బుగ్గ కోసుకున్నాడు. "పిషిమా వెళ్ళాక చెబుతాలే. ఇవాళ ఒక్కరోజు ఊరుకో సుదేష్ణా, నీకు పుణ్యముంటుంది."

ఊరుకోవాలనే ఆమె కూడా అనుకుంది.

పదిన్నరకి పారుల్ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తెల్లచీరలో, చంకలో గొడుగు, చేతిలో సందేశ్ మిఠాయిల పెట్టె. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కస్‌బాలో ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. గుమ్మంలో చెప్పులు విడవకముందే మేనల్లుడితో మొదలుపెట్టింది. "ఖోకా, బుగ్గకి ఏమైందిరా? నీ పెళ్ళాం కొట్టిందా?"

"నా మాటకి ఆయనే కోసుకున్నారు పిషిమా" అంది సుదేష్ణ, కాళ్ళకి దణ్ణం పెడుతూ.

"అయితే నీ నాలుకే పదునన్నమాట."

ఆవిడ కాళ్ళు కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళింది. తెచ్చిన తెల్లపూలు మంచం తలవైపు పలక దగ్గర పెట్టి, కాసేపు దాని అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ మంచం మీద ఒక కునుకు తీసి వెళ్ళడం ఆవిడకి అలవాటు. ఎప్పుడూ గోడవైపే పడుకుంటుంది. రెండోవైపు ఖాళీగా వదిలేస్తుంది. సుదేష్ణ కాపురానికి వచ్చిన కొత్తలో, 'మధ్యలో హాయిగా పడుకోండి' అంటే, "అటు అమ్మది" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

భోజనాల దగ్గర సరదాగానే గడిచింది. పూరీలు, శనగపప్పు, కూరలు, చివర్లో పాయసం. పారుల్ పప్పు నోట్లో పెట్టుకుని ఆగి, వదిన వైపు తిరిగింది.

"బౌదీ, పప్పులో పంచదార ఎవరు పోశారు?"

"ఇంకెవరు, నా కోడలే" అంది బీణాపాణి.

"ఈ బాగ్‌బజార్ వాళ్ళు ఏడిస్తే కన్నీళ్ళు కూడా తియ్యగా ఉంటాయి కాబోలు."

"మీ బారిసాల్ వాళ్ళు మాత్రం!" అంది సుదేష్ణ. "మీరు చెప్పే చెరువులన్నీ కలుపుకుంటే అక్కడ కాలు మోపడానికి నేల మిగలదు పిషిమా. అక్కడినుంచి వచ్చి ఈ కాలనీ కట్టుకున్నవాళ్ళలో ఎవర్ని కదిపినా పాతిక గదుల ఇల్లు, మూడు చెరువులు. అక్కడ పేదవాడన్నవాడే లేడా?"

అందరూ నవ్వారు. పారుల్ అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ చూపు బల్ల చివర ఉన్న కాగితం మీద పడింది. సుదేష్ణ గీసిన ఫ్లాటు నమూనా. ఎడంచేత్తో దగ్గరికి లాక్కుంది.

"ఇది వంటిల్లు. ఇది ఖోకా గది. ఇది బౌదీ గది." వేలు ఆగిపోయింది. "ఇందులో అమ్మ మంచం ఏది?"

అనిమేష్ పాయసం గిన్నెలోకి చూస్తున్నాడు. బీణాపాణి కోడలి వైపు చూసింది.

"పట్టదు పిషిమా" అంది సుదేష్ణ, వీలైనంత మెల్లగా. "చాలా రకాలుగా గీసి చూశాను. మీ దగ్గరికి పంపిద్దామా అంటే..."

"నా గదిలో నేను పట్టడమే గొప్ప."

"అందుకే. పాత సామాను మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఉంటారు. నాకు తెలిసినవాళ్ళున్నారు, అపురూపంగా చూసుకుంటారు."

"అమ్ముతావన్నమాట."

"పిషిమా, అది కాదు, ముందు వినండి..." అన్నాడు అనిమేష్.

"నువ్వుండరా. మా అమ్మ ప్రాణం పోయిన మంచం. చివరి ఘడియలో ఇదిగో, ఈ అంచే పట్టుకుందని అన్నయ్య చెప్పాడు. దాన్ని అమ్ముతుందట!" పారుల్ ముఖం ఎర్రబడింది. "మీ పుట్టింట్లో అమ్ముకు తిన్నారని ఇక్కడ కూడా అమ్మాలా? తాత ముత్తాతల మంచం విలువ నీకేం తెలుస్తుంది?"

ఆ మాట తగలరాని చోట తగిలింది. సుదేష్ణ నాయనమ్మ పడుకున్న పందిరి పట్టెమంచాన్ని అన్నలు వ్యాపారికి అమ్మేసినప్పుడు ఆమె గుమ్మంలోనే ఉంది. వ్యాపారి మనుషులు కోళ్ళు ఊడబీకి, దోమతెర కర్రలు తాడుతో కట్టి, శవాన్ని మోసినట్టు తీసుకుపోయారు. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఇప్పుడు కూడా ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. దానికి బదులు, పరదాల రంగు చెప్పేటప్పుడు వచ్చే గొంతు ఒకటి ఆమెకి వచ్చేసింది. తొణకని గొంతు.

"మా ఇంట్లో అమ్మింది అసలైన పట్టెమంచం పిషిమా. కోళ్ళు ఒక్కొక్కటీ తొడంత లావు, ఎక్కడానికి పీట కావాలి, ఒళ్ళంతా చెక్కడం. మీ అమ్మగారి పెళ్ళినాటికి పల్లెల్లో పెద్దింటివాళ్ళు చేయించుకున్నది అలాంటివే. ఇది వేరు. దీన్ని ఆర్ట్ డెకో అంటారు. ఆ పద్ధతి కలకత్తాకే మీ అమ్మగారి పెళ్ళయిన చాలా ఏళ్ళకి వచ్చింది. పార్క్ స్ట్రీట్ వైపు దొరలు ఫ్లాట్లలో పెట్టుకునేవారు. ఇది నిండుచెక్క కూడా కాదు, పైన కాగితమంత పల్చటి చెక్క అతికించారు. అందుకే అమ్మ నీళ్ళు తగలనివ్వరు. బారిసాల్ నుంచి పడవమీద, స్టీమర్‌మీద వచ్చి ఉంటే ఆ పొర ఎప్పుడో ఉబ్బి ఊడిపోయేది. వెనక కంపెనీవాళ్ళ ఇత్తడి బిళ్ళ పీకేసిన చిల్లులు కూడా ఉన్నాయి. వెళ్ళిపోయే దొరల సామాను వేలంలో కొన్న మంచం ఇది. మీ తాతగారు చేయించింది కాదు. మీ అమ్మగారు దీన్ని చూసి కూడా ఉండరు."

పక్కింట్లో ఎవరో పిల్లని తల దువ్వుకోమని కసురుకుంటున్నారు.

పారుల్ ముందు నవ్వింది. "విన్నావా బౌదీ? నీ కోడలి పరిశోధన! అన్నయ్య ఉండి ఉంటే..." అంటూ వదిన వైపు తిరిగింది.

బీణాపాణి చేతిలో పాయసం గరిటె గాల్లోనే ఆగిపోయి ఉంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. కోడలు అబద్ధం చెప్పిందన్న విసుగు లేదు. ఏదో బరువైనది ఇన్నాళ్ళూ మోసి మోసి, చెయ్యి జారిపోయిన మనిషిలా ఉంది.

"బౌదీ, చెప్పవేం?"

పాయసం చుక్క బల్లమీద పడింది.

"బౌదీ!"

పారుల్ లెక్కల టీచరు. ఆవిడ ముఖంలో లెక్క సాగడం సుదేష్ణ కళ్ళారా చూసింది. మంచం రాలేదంటే, మంచం మీద పోలేదు. మంచం మీద పోలేదంటే...

"అయితే మా అమ్మ ఎక్కడ పోయింది?"

బీణాపాణి గరిటె కిందపెట్టింది. "సియాల్దా స్టేషన్లో" అంది. ఆ మాట ఆవిడ గొంతులోంచి కాదు, ఇంకెక్కడి నుంచో వచ్చినట్టుంది. "ప్లాట్‌ఫారం మీద."

పారుల్ లేచింది. చెయ్యి కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. గొడుగు తీసుకుని, ముందుగదిలోకి కన్నెత్తి చూడకుండా, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అనిమేష్ సందు మలుపుదాకా వెంట పరిగెత్తాడు. ఆవిడ రిక్షా ఎక్కేసింది.

తిరిగొచ్చి అతను భార్య ముందు నిలబడ్డాడు. "నీకు తెలిసిందల్లా చెప్పకుండా ఉండలేవా?"

"మీకు తెలుసా, అబద్ధమని?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. మా నాన్న నాకు కూడా అదే చెప్పాడు." అతను ముందుగది వైపు చూశాడు. "ఆ మంచం మీద గెంతుతూ పెరిగాను నేను. నువ్వు చెప్పిన ఇంగ్లీషు పేరేదో దానికి ఉంటే ఉండనీ. నాకు ఆ పేరు తెలియకపోతే ఏం మునిగింది?"

సుదేష్ణ చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు. అయినా ఆ రోజంతా ఇంట్లో ఎక్కడ కూర్చున్నా, ఎవరి చోటో లాక్కున్నట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున బీణాపాణి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. సుదేష్ణ ఎదురుగా కూర్చుంది. "క్షమించండమ్మా" అనబోయింది. ఆవిడ తల ఎత్తలేదు. వంకాయలకేసి చూస్తూనే మొదలుపెట్టింది.

"బారిసాల్లో గొడవలప్పుడు ముగ్గురూ వచ్చేశారు. మా అత్తగారు, ఈయన, పారుల్. మామగారు అప్పటికే లేరు. ఈయనకి పద్దెనిమిది నిండలేదు, దానికి నాలుగేళ్ళు. సియాల్దాలో దిగితే ప్లాట్‌ఫారం నిండా మనుషులే. అక్కడే పడుకోవడం, అక్కడే వండుకోవడం, అక్కడే చావడం. పారుల్‌కి జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది. అత్తగారికి విరేచనాలు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క బొంత."

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"అటుకులు పంచుతున్నారంటే ఈయన వరసలో నిలబడటానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ పోయింది. రాతినేల మీద, ఒంటిమీద పల్చటి చీరతో. బొంతంతా పారుల్ చుట్టూ చుట్టేసింది. అది తల్లిని కావిలించుకుని నిద్రపోతోంది. శవాల్ని తీసుకుపోయే లారీ వచ్చింది. ఈయన దాన్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళగలడు? కొడుకు చేతి నిప్పు కూడా లేకుండా ఆవిడ్ని ఇంకెవరెవరితోనో కలిపి తీసుకుపోయారు. జ్వరం తగ్గాక ఇది, 'అమ్మేది?' అంది. 'అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది' అన్నాడు. అదే మొదటి అబద్ధం."

"మరి మంచం?"

"ఉద్యోగం దొరికాక పంతులుగారు చెప్పారు, తల్లికి కర్మ సరిగ్గా జరగలేదు, శయ్యాదానం చెయ్యమని. అందరూ ఏదో ఒక కుక్కిమంచం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఈయన ఒప్పుకోలేదు. రాతిమీద పోయిన మనిషికి కలకత్తాలోకెల్లా మెత్తని మంచం ఇవ్వాలన్నాడు. వేలానికి పోయి ఇది తెచ్చాడు. అప్పటికి ఈ ఇల్లు తడికల పాక. మంచం లోపల పట్టక వాకిట్లో వేసి, అక్కడే మంత్రాలు చదివారు. అంతలో పారుల్ బడినుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. పక్కమీద ఎక్కి, 'ఎవరిది?' అంది. 'మీ అమ్మదమ్మా' అన్నాడు పంతులుగారు. దానం ఆవిడ పేరుమీదే కదా. ఇది తలగడలో మొహం పెట్టి, 'అమ్మ దీనిమీదే పడుకునేదా?' అంది. ఈయన అవునన్నాడు. 'దీనిమీదే పోయిందా?' అవునన్నాడు. 'మన ఇంటినుంచే వచ్చిందా?' అవునన్నాడు. అది అడిగినకొద్దీ అవునంటూ పోయాడు. బారిసాల్లో ఆ ఇల్లంతా అలా లేచిందే బౌమా. అక్కడ వాళ్ళకున్నది రెండు గదుల పూరిల్లు."

"పంతులుగారు తీసుకెళ్ళలేదా?"

"ఇది మంచం దిగితే కదా. ఆయనకి వేరే ఏదో ముట్టజెప్పాడు. పోయినవాళ్ళకిచ్చిన మంచం ఇంట్లో ఉంచుకోకూడదని కాలనీ అంతా బెదిరించింది. ఈయన వినలేదు." బీణాపాణి కోడలి కళ్ళలోకి చూసింది. "నాకు పెళ్ళయిన వారంలో అంతా చెప్పి, చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఏం తెలిసినా ఒక్కటి మాత్రం దానికి తెలియకూడదని. మంచం సంగతి కాదు. బొంత సంగతి."

తనకి బొంత కప్పి తల్లి చలిలో పోయిందని పారుల్‌కి తెలియకూడదన్నమాట అని సుదేష్ణకి అప్పుడర్థమైంది.

"నిన్న దానికి సగం తెలిసింది" అంది అత్తగారు. "మిగతా సగం అడుగుతుంది. నన్ను అడగదు, నేను ఇన్నాళ్ళూ దాచినదాన్ని. నిన్నే అడుగుతుంది."

కస్‌బాలో పారుల్ గదికి సుదేష్ణ వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. ఆవిడ చీర మార్చుకుని, చెప్పులేసుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. కళ్ళు వాచి లేవు. అది చూస్తే సుదేష్ణకి మరింత భయమేసింది.

"పిషిమా, నేను నిన్న..."

"నువ్వు చెప్పింది ఒప్పే. ఒప్పు చెప్పినందుకు పిల్లల్ని ఎప్పుడూ తిట్టలేదు నేను. పద."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి, సియాల్దాకి. ఒక్కదాన్నే వెళ్దామని పొద్దుటినుంచి రెండుసార్లు లేచాను. కాళ్ళు రావడం లేదు."

బస్సులో పార్క్ సర్కస్ దాటాక సుదేష్ణ అంది. "మంచం కొత్తింటికి తీసుకెళ్తున్నాం పిషిమా. అమ్మ గదిలో బీరువా తీసేస్తే పడుతుంది. ఇవాళ పొద్దున మళ్ళీ గీశాను."

"నేనింక దానిమీద పడుకోలేనమ్మా."

"పడుకోవద్దు. ఊరికే ఉంటుంది."

పారుల్ కిటికీ వైపు తిరిగింది. "అన్నయ్యకి ఎంత కష్టమై ఉంటుందో" అంది. "నాకు అబద్ధమంటే పడదని బళ్ళో పిల్లలందరికీ తెలుసు. ఒక్క అబద్ధం చెప్పినా బెంచీ ఎక్కించేదాన్ని. ఆ సంగతి విని అన్నయ్య నవ్వేవాడు."

సియాల్దాలో లోకల్ రైళ్ళు జనాన్ని దించి మళ్ళీ నింపుకుంటున్నాయి. తట్టలు, సైకిలు గొట్టాలు, పరీక్షకి వెళ్ళే పిల్లలు. పారుల్ జనాన్ని చూడటం లేదు, నేలని చూస్తూ నడుస్తోంది. నేల ఎప్పుడో మార్చేశారు. మెరిసే రాతిపలకలు వేసి ఉన్నాయి.

"ఇక్కడేనా?"

"తెలీదు పిషిమా. ఏ ప్లాట్‌ఫారమో, ఏ మూలో ఎవరికీ తెలీదు."

ఒక స్తంభం దగ్గర పారుల్ ఆగింది. గొడుగు పక్కనపెట్టి, స్తంభానికి వీపు ఆనించి, కింద కూర్చుంది. దాటిపోయేవాళ్ళు వింతగా చూశారు. సుదేష్ణ ఒక క్షణం నిలబడింది. తర్వాత గంజిపెట్టిన చీరతో ఆవిడ పక్కన నేలమీదే కూర్చుంది. చీరలోంచి రాతి చల్లదనం ఎక్కింది. ఎండ బాగా వచ్చినా రాయి చల్లగానే ఉంది.

పారుల్ అరచెయ్యి నేలమీద పెట్టింది. "నాకొక కల వచ్చేది. చిన్నప్పటినుంచీ. చుట్టూ ఎవరో దగ్గుతూ ఉంటారు, ఎవరో ఏడుస్తూ ఉంటారు, పెద్ద దీపం ఒకటి మీదికి వచ్చి వెళ్ళిపోతుంది. అమ్మ ఒళ్ళు తగులుతూ ఉంటుంది. జ్వరంలో పలవరింత అనేవాడు అన్నయ్య. అది కల కాదన్నమాట."

"ఊఁ."

"కలలో అందరికీ చలి. నాకు మాత్రం వెచ్చగా ఉండేది."

సుదేష్ణ ఆవిడ గొడుగు దగ్గరికి జరుపుకుంది.

"అదే రాత్రంతా ఆలోచించాను" అంది పారుల్. గొంతు చాలా మామూలుగా ఉంది, బోర్డుమీద లెక్క వేసి చూపిస్తున్నట్టు. "అమ్మ ఒళ్ళు చల్లగా ఉండేది, నాకు వెచ్చగా ఉండేది. అంటే నామీద ఏదో ఉంది. అమ్మమీద లేదు." ఆవిడ తిరిగి సుదేష్ణ ముఖంలోకి సూటిగా చూసింది. "బౌదీ నీకు అంతా చెప్పే ఉంటుంది. నువ్వు కర్రముక్క గురించి కూడా అబద్ధం ఆడలేని మనిషివి. అందుకే నిన్నడుగుతున్నాను. కప్పుకోవడానికి ఒక్కటే ఉందా?"

ఒక రైలు వచ్చి ఆగింది. జనం వాళ్ళ చుట్టూ పాయలై పారారు. ఎవరి సంచో సుదేష్ణ భుజానికి తగిలింది. జీవితమంతా ఆమె సరైన మాట కోసం వెతుక్కుంది. ఏ చెక్కకి ఆ పేరు, ఏ రంగుకి ఆ పేరు. ఒకదాన్ని ఇంకొకటి అంటే ఆమెకి ఒంట్లో బాగుండేది కాదు.

"లేదు పిషిమా" అంది. "రెండున్నాయి."

"రెండా?"

"రెండు బొంతలు. మీకొకటి. మీ అమ్మగారికొకటి."

పారుల్ కళ్ళు ఆమె ముఖాన్ని వదల్లేదు. "మరి ఒళ్ళెందుకు చల్లగా ఉంది?"

"మీకు జ్వరం కదా. జ్వరంలో ఎవర్ని ముట్టుకున్నా చల్లగానే తగులుతుంది."

పారుల్ అరచెయ్యి నేలమీద నుంచి తీసి, ఆ మాటని సరిచూసుకుంటున్నట్టు నుదుటిమీద పెట్టుకుంది.

"మందంగా ఉందా, అమ్మది?"

"మందంగా ఉంది. పాత చీరలు ఏడెనిమిది పొరలు వేసి కుట్టిన బొంత. పెళ్ళికి ముందు మీ అమ్మమ్మ కుట్టిచ్చిందట." మాటలు తనంత తానే ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఆ బొంత ఇప్పుడు ఆమెకే కళ్ళముందు కనిపిస్తోంది. "నాలుగు మూలలా ఆకులు. మధ్యలో పెద్ద తామరపువ్వు. మెడదాకా కప్పుకుందట. మామగారు వచ్చేసరికి అలాగే ఉందట, నిద్రపోతున్నట్టు."

"అంచు?"

"ఎర్రంచు."

"ఎర్రంచు" అంది పారుల్. ఆవిడ ముఖం అప్పుడు కదిలింది. నిన్నటినుంచి రాని ఏడుపు, నాలుగేళ్ళ పిల్ల ఏడుపు, గుక్కపట్టి వచ్చింది. ఆవిడ సుదేష్ణ భుజంలో మొహం దాచుకుంది. సుదేష్ణ పైటకొంగు లాగి ఆవిడ వీపు చుట్టూ కప్పింది. రైలు కదిలి వెళ్ళిపోయి ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక కూడా, ఇంకా ఇంకా చెబుతూనే ఉంది. కుట్టు ఎంత సన్నగా ఉందో, తామరపువ్వుకి ఎన్ని రంగుల దారం వాడారో, రాతిమీద పరుచుకున్నా లోపలికి చలి రానివ్వనంత దళసరిగా ఆ బొంత ఎలా ఉండేదో.